కక్కు కొట్టినోళ్లం

ముస్లిం అనగానే తెలుగు పాఠకుడి కళ్ల ముందు ఏం కదులుతుంది? షేర్వానీ, హుక్కా, కూలిపోతున్న దేవిడీ, పోయిన వైభవాన్ని తలచుకుని నిట్టూర్చే నవాబు. అది కాకపోతే రజాకారు. అదీ కాకపోతే అత్తరు సీసాల పెట్టె పట్టుకుని వీధి వెంట పోయే సాయిబు. ఈ మూడు బొమ్మలను దాటి మా గురించి తెలుగు సాహిత్యం ఎంత గీసింది? సమ్మెట పట్టిన ముస్లిం ఏడి? రాతి చెక్కు ఎగిరి కంట్లో పడి చూపు పోగొట్టుకున్న ముస్లిం ఏడి? ఇంటింటికీ తిరిగి ఇసుర్రాయికి కక్కు కొట్టి, కొంగున ఇన్ని జొన్నలు పోయించుకున్న ముస్లిం ఏడి?

మేం వాళ్లం. మాకు దేవిడీల్లేవు. మా తాతలు జాగీర్దార్లు కారు. జాగీర్దారు ఇంటి పునాదికి బండ కొట్టినోళ్లు మా తాతలు. పునాదిలో పడ్డ రాయి పైకి కనబడదు. మేమూ అంతే.

ఈ మాటలు మెదక్ జిల్లా శివ్వంపేట పక్క నుంచి రాస్తున్నాం. నర్సాపూర్‌కూ తూప్రాన్‌కూ నడుమ ఉన్న చిన్న ఊరు. చరిత్ర పుస్తకాల్లో మెదక్ కోట దొరుకుతుంది, మెదక్ చర్చి దొరుకుతుంది. శివ్వంపేట కోసం వెతికితే వేలు అరగాల్సిందే. ఊరికి చరిత్ర ఉండాలంటే రాజు ఉండాలట. రాయి ఉంటే చాలదట. రాయిని కొట్టిన చెయ్యి ఉంటే అసలే చాలదట.

మేం దీన్ని ఒప్పుకోం. మెతుకుసీమ అంటే మెతుకు పండించినోళ్ల సీమ ఎంతో, ఆ మెతుకును దంచే రోలు, విసిరే రాయి చేసినోళ్ల సీమ కూడా అంతే. ఈ గుట్టల చరిత్ర రాయాలంటే లీజు పట్టా నుంచి కాదు, మా అరచేతి కాయల నుంచి మొదలుపెట్టాలి.

*

ముందు మా పేర్లు చెప్పుకుంటాం. మా పేర్లు మేం పెట్టుకున్నవి కావు, పని పెట్టినవి.

2007లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వెనుకబడిన ముస్లిం సమూహాల కోసం ఒక చట్టం చేసింది. ఇవాళ అందరూ బీసీ-ఇ అంటున్నది దాని జాబితానే. అందులో పద్నాలుగో వరుస ఒకసారి పైకి చదవండి. తురక కాశ. కక్కు కొట్టే జింక సాయిబులు. చక్కీ టాకనేవాలే. తిరుగటి గంట్లవాళ్లు. రోళ్లకు కక్కు కొట్టేవారు. పత్తర్ ఫోడులు. ఒకే వరుసలో ఇన్ని పేర్లు. సగం తెలుగు, సగం దక్కనీ. కాసె పని అంటే రాతి పని. పత్తర్ ఫోడ్నా అంటే రాయి పగలగొట్టడం. చక్కీ టాంక్నా అంటే విసుర్రాయికి గంట్లు పెట్టడం. వీటిలో ఒక్క పేరుకైనా అరబ్బు దేశం వాసన ఉందా? తుర్కీ నుంచి, ఇరాన్ నుంచి గుర్రాలెక్కి వచ్చినోడి పేరు 'రోళ్లకు కక్కు కొట్టేవాడు' అని ఉంటుందా?

మమ్మల్ని బయటినుంచి వచ్చినోళ్లు అనేవాళ్లకు మా జవాబు ఈ ఒక్క వరుసే. మీ ఇంటి రోలును అడగండి. మేం ఎక్కడివాళ్లమో అది చెప్తుంది.

కక్కు అంటే ఏమిటో ఇవాళ్టి పిల్లలకు తెలియదు. విసురుతూ విసురుతూ ఉంటే తిరుగలి ముఖం అరిగి నున్నబడుతుంది. గింజ జారిపోతుంది తప్ప నలగదు. అప్పుడు పై రాయి ఎత్తి పక్కన పెట్టి, రెండు రాళ్ల ముఖాల మీదా ఉలితో సన్నటి గంట్లు పెట్టాలి. అదే కక్కు. చూడ్డానికి చిన్న పని. చేస్తే తెలుస్తుంది. గంటు లోతైతే పిండిలో రాతిపొడి కలుస్తుంది, పంటి కింద కసుక్కుమంటుంది. గంటు తేలికైతే నెల తిరక్కముందే మళ్లీ నున్నబడుతుంది. రాయి జాతిని బట్టి దెబ్బ, దెబ్బను బట్టి ఉలి. ఇది ఏ బడిలోనూ నేర్పని చదువు. తండ్రి చెయ్యి చూసి కొడుకు నేర్చుకున్న చదువు.

ఈ చదువుతో మేం ఊరి ప్రతి ఇంటి వాకిట్లోకీ పోయాం. 'కక్కు కొడతం, కక్కు' అని కేకేస్తూ పోయాం. పటేలు ఇంటికి, కోమటి ఇంటికి, మాదిగ ఇంటికి, మాలోళ్ల ఇంటికి. మడి కట్టుకున్న ఇంట్లో కూడా ఇసుర్రాయికి మడి లేదు. లోపలికి రానివ్వకపోతే రాయినే వాకిట్లోకి దొర్లించేవాళ్లు. మేం కొట్టిన కక్కు మీద నలిగిన పిండి ఊరంతా తిన్నది. ఇవాళ తురకోడి దుకాణంలో కొనొద్దు అని పిలుపులిస్తున్న వాళ్ల తాతలు కూడా తిన్నారు. అరిగినట్టుంది, అందుకే గుర్తులేదు.

తర్వాత ఊళ్లోకి గిర్నీ వచ్చింది. మిక్సీ వచ్చింది, గ్రైండర్ వచ్చింది. రోలు పెరట్లోకి పోయింది, పెరటి నుంచి పెంటకుప్ప మీదికి పోయింది. ఆడవాళ్ల రెక్కల కష్టం తగ్గినందుకు మాకు సంతోషమే. కానీ మగ్గం ఆగిపోతే సహకార సంఘం అన్నారు, కల్లు గీత ఆగిపోతే సొసైటీ అన్నారు. కక్కు ఆగిపోయిందని ఏ ప్రభుత్వమైనా ఒక్క మాట అన్నదా? ఆ పని ఒకటి ఉండేదని, దాని మీద బతికిన మనుషులుండేవాళ్లని తెలిస్తే కదా అనడానికి! ఉలి సంచిలో వేసుకుని మేం గుట్ట దారి పట్టాం. ఇసుర్రాయి మీద కూర్చున్న చెయ్యి క్వారీలో కూలి చెయ్యి అయింది.

*

గుట్ట మాకు కొత్త కాదు. ఈ దక్కను బండ వయసు రెండున్నర వందల కోట్ల ఏళ్లని భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్తారు. మాకు తెలిసింది దాని వయసు కాదు, దాని గుణం. బండ మీద కట్టెలు పేర్చి మంట పెడితే వేడికి పైపొర లేస్తుంది. పొర లేచిన చోట సుత్తెతో తట్టి చూస్తే బోలు చప్పుడు వస్తుంది. చప్పుడు విని ఎంత దూరం లేచిందో చెప్పేవాళ్లు మా పెద్దలు. ఆ తర్వాత గీత గీసినట్టు వరసగా గంట్లు, గంట్లలో ఇనుప చీలలు, ఒక్కో చీల మీద ఒక్కో దెబ్బ. తొందరపడితే బండ తన ఇష్టం వచ్చినట్టు పగుల్తుంది. ఓపిక పడితే మనం గీసిన గీత మీద పగుల్తుంది. చేను చుట్టూ పాతిన కడీలు, బాయి అంచుకు పరిచిన బండలు, గడపలు, మెట్లు, అమ్మోరి గద్దె, మస్జిద్ వజూఖానా, చెరువు తూము - అన్నీ అట్ల వచ్చినయే.

అప్పుడు గుట్ట ఊరిది. ఇంటికి రాయి కావాలంటే ఎవరి అనుమతీ లేదు. కొట్టినోడికి కూలి, మోసినోడికి కూలి. గుట్ట మీద వడ్డెరలు పనిచేశారు, మేం పనిచేశాం. పక్కపక్కనే. వాళ్ల సమ్మెటకు పసుపు, మా సమ్మెటకు ఊదు. బండకు రెండూ ఒకటే.

తర్వాత గుట్టకు సర్వే నంబరు వచ్చింది. సర్వే నంబరుకు లీజు వచ్చింది. 1966లో వచ్చిన చిన్న తరహా ఖనిజాల నియమాల ప్రకారం రాయి కొట్టాలంటే ప్రభుత్వం దగ్గర లీజు తీసుకోవాలి, తీసిన రాయికి సీనరేజీ కట్టాలి. న్యాయంగానే కనబడుతుంది. కానీ లీజు దరఖాస్తు ఎవడు రాయగలడు? మ్యాపు ఎవడు గీయించగలడు? డిపాజిట్టు ఎవడు కట్టగలడు? కంప్రెసర్, జాక్‌హామర్, మందుగుండు, టిప్పర్లు, క్రషర్ ఎవడి దగ్గరున్నయి? నిన్నటిదాకా గుట్ట మీద చెయ్యి తెలిసినోడిది పెత్తనం. లీజు వచ్చిన తెల్లారి పైసలున్నోడిది పెత్తనం. రాయి గురించి ఏమీ తెలియనోడు యజమాని అయ్యాడు. రాయి చప్పుడు విని లోపలి పగులు చెప్పగలిగినోడు ట్రిప్పు లెక్కన కూలి అయ్యాడు.

క్రషర్ వచ్చాక ఆ చెయ్యి కూడా అక్కర్లేకుండా పోయింది. క్రషర్‌కు కడీ వద్దు, గడప వద్దు, గీత మీద పగలాల్సిన పని లేదు. నలభై ఎంఎం, ఇరవై ఎంఎం, డస్టు. అంతే. మందు పెట్టి పేల్చితే గుట్ట ఎట్ల పడితే అట్ల పడుతుంది, దాన్ని నమిలి కంకర చేస్తుంది. హైదరాబాద్ చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు పడింది. దాని అవతల ఇంకో వలయం గీశారు, అది నర్సాపూర్, తూప్రాన్, గజ్వేల్ మీదుగా పోతుంది. ఇన్ని రోడ్లకు, ఇన్ని అంతస్తులకు కంకర ఆకాశం నుంచి పడదు. పట్నం లేచిన కొద్దీ చుట్టుపక్కల గుట్టలు కూర్చుంటాయి. గుట్ట పోయిన చోట గుంత మిగుల్తుంది. గుంతలో వాన నీళ్లు నిలుస్తాయి. ఎండకాలం ఈత కొట్టబోయిన పిల్లగాళ్ల శవాలు తేలుతాయి. పేపర్లో జిల్లా ఎడిషన్‌లో నాలుగు లైన్లు. ఇదీ అభివృద్ధిలో మా వాటా.

*

రాయి కొట్టినోడి ఊపిరితిత్తుల గురించి కూడా చెప్పాలి. చెప్పకపోతే ఈ చరిత్ర అబద్ధం.

మన బండలో పలుగురాయి పాలు ఎక్కువ. దాన్ని పొడి చేస్తే కంటికి కనబడని ధూళి లేస్తుంది. ఆ ధూళి ఊపిరితిత్తుల అడుగుదాకా పోయి కూర్చుంటుంది. అక్కడ పుండు పడి గట్టిపడుతుంది. దానికి సిలికోసిస్ అని పేరు. దానికి తిరుగు మందు లేదు. పని మానేసినా అది తన పని మానదు. దగ్గు, ఆయాసం, బరువు తగ్గడం - అచ్చం క్షయ లాగే ఉంటుంది. అందుకే మా వాళ్లు నెలల తరబడి టీబీ గోలీలు మింగి మింగి చచ్చిపోతారు. చావు చీటీలో సిలికోసిస్ అని పడదు. పడితే అది పని వల్ల వచ్చిన జబ్బు అవుతుంది. పని వల్ల వచ్చిన జబ్బయితే పరిహారం ఇవ్వాలి. రోగం పేరు మార్చితే ఖర్చు మిగులుతుంది.

చట్టం లేదా అంటే ఉంది. 2025 నవంబరు దాకా 1952 నాటి గనుల చట్టం ఉండేది. కానీ దాని మూడో సెక్షన్‌లో ఒక సందు ఉండేది. ఇంటి రాయి, రోడ్డు కంకర తీసే చిన్న క్వారీల్లో తవ్వకం ఆరు మీటర్ల లోతు దాటకపోతే, ఏ రోజూ యాభై మందికి మించి పనిచేయకపోతే, పేలుడు మందు వాడకపోతే ఆ చట్టంలో చాలా భాగం వర్తించేది కాదు. ఇప్పుడు చెప్పండి. మస్టర్ రోలే లేని చోట యాభై మందిని లెక్కపెట్టేదెవరు? సగం మంది కాంట్రాక్టర్ పేరు మీద, సగం మంది ఎవరి పేరు మీదా కాదు. గుంతలోకి టేపు దించి ఆరు మీటర్లు కొలిచేదెవరు? చట్టం కళ్లకు గంతలు కట్టుకుని ఉంటుందంటారు. ఇక్కడ గంతలు అక్కర్లేదు, రాతిధూళి చాలు.

రాజస్థాన్‌లో ఇసుకరాయి గనుల కూలీలు ఏళ్ల తరబడి కొట్లాడితే 2019లో అక్కడి ప్రభుత్వం ఈ దుమ్ము జబ్బులకు ఒక విధానం తెచ్చింది. జబ్బు ఉందని తేలిన కూలీకి మూడు లక్షలు, చనిపోతే కుటుంబానికి ఇంకో రెండు లక్షలు. ఆ డబ్బుతో ఊపిరి తిరిగి రాదు. కానీ 'నీకు వచ్చిన జబ్బు నీ తలరాత కాదు, నువ్వు చేసిన పని వల్ల వచ్చింది' అని ప్రభుత్వం సంతకం పెట్టి ఒప్పుకున్నట్టయింది. ఆ ఒప్పుకోలే మాకు ముఖ్యం.

*

ఇప్పుడు ఘనత గురించి. దక్కను ముస్లింల ఘనత అనగానే చార్మినార్, మక్కా మస్జిద్ చూపిస్తారు. చూపించండి. కానీ పూర్తిగా చూపించండి.

సుల్తాన్ మహమ్మద్ కుతుబ్‌షా మొదలుపెట్టిన మక్కా మస్జిద్ ఔరంగజేబు కాలంలో 1694లో పూర్తయింది. నడుమ ముగ్గురు నలుగురు పాలకులు మారారు. వాళ్లందరి పేర్లూ మనకు తెలుసు. అది కడుతుండగా చూసిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియర్ ఒక సంగతి రాసిపెట్టాడు. మస్జిద్‌లోని ఒక పెద్ద రాయిని గుట్ట నుంచి విడదీయడానికే ఐదేళ్లు పట్టిందట, ఐదారు వందల మంది ఆపకుండా పనిచేశారట, దాన్ని లాగడానికి 1400 ఎద్దులు కట్టారట. ఎద్దుల లెక్క ఉంది. మనుషుల పేర్లు లేవు. ఆ ఐదారు వందల మందిలో ఒక్కడి పేరైనా ఎవరికైనా తెలుసా? ఆ మస్జిద్‌లో ఆసఫ్‌జాహీల సమాధులున్నయి, వాటి మీద పేర్లున్నయి. రాయి కొట్టినోడి సమాధి మీద ఎప్పుడైనా రాయి ఉండిందా? మా ఖబ్రస్తాన్‌లో చూడండి. తల దగ్గర ఒక మొరటు రాయి, కాళ్ల దగ్గర ఒకటి. జీవితమంతా చెక్కినోడి గోరీ మీద చెక్కిన అక్షరం ఒక్కటి లేదు.

మెదక్ చర్చి సంగతీ అంతే. 1914లో మొదలై 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. కట్టించిన రెవరెండ్ పోస్నెట్ పేరు చరిత్రలో ఉంది, ఉండాలి కూడా. కరువు రోజుల్లో తిండిగింజల కోసం ఆ రాళ్లు మోసిన వాళ్ల పేర్లు ఏవి? మస్జిద్ అయితే సుల్తాన్‌ది, చర్చి అయితే దొరది, గుడి అయితే రాజుది. రాయి మోసిన వీపు మాత్రం ఎవరిదీ కాదు.

మేం ఇక్కడ హైదరాబాద్ పెద్ద ముస్లింలను కూడా అడగదలచుకున్నాం. తహ్జీబ్ అంటే మీకు గజల్, బిర్యానీ, పాన్‌దాన్. సరే. కానీ తహ్జీబ్‌లో ఉలి చప్పుడు ఎందుకు లేదు? ఇస్లాంలో కులం లేదని వేదిక మీద చెప్తారు. దిగి వచ్చాక 'వో పత్తర్ ఫోడే హైఁ' అని మూతి తిప్పుతారు. నమాజులో భుజానికి భుజం ఆనిస్తారు, నికా దగ్గరికొచ్చేసరికి భుజం వెనక్కి లాక్కుంటారు. సయ్యద్ ఇంటికి పత్తర్ ఫోడే ఇంటి పిల్లను కోడలిగా తెచ్చిన రోజు, కులం లేదనే మీ మాట మేం నమ్ముతాం. అప్పటిదాకా మా కులం మాకు ఉంటుంది. మా కులం పేరుతోనే మా హక్కు అడుగుతాం.

*

హక్కు దగ్గరికే వచ్చాం. ఆ హక్కు కథ వినండి.

రాయి కొట్టే వడ్డెరలను 1970లో బీసీ జాబితాలో చేర్చారు. చేర్చాల్సిందే, ఇంకా ముందే చేర్చాల్సింది. ముస్లింలలో దూదేకులను, మెహతర్లను కూడా అప్పుడు చేర్చారు. అదే గుట్ట మీద అదే సమ్మెట పట్టిన మమ్మల్ని ఎందుకు చేర్చలేదు? మా సమ్మెట బరువు తక్కువా? మా ఊపిరితిత్తులు రాతివా? మేం మళ్లీ జాబితాకెక్కడానికి 37 ఏళ్లు పట్టింది. అది కూడా తిన్నగా కాదు. 2004లో ముస్లింలకు ఐదు శాతం అని ఉత్తర్వు ఇస్తే హైకోర్టు కొట్టేసింది. 2005లో చట్టం చేస్తే అదీ కొట్టేసింది. అప్పుడు పి.ఎస్. కృష్ణన్ సమూహాల వారీగా అధ్యయనం చేసి నివేదిక ఇచ్చాడు. ఆ తర్వాత వచ్చిన 2007 చట్టం మొత్తం ముస్లింలకు కాదు, వెనుకబడిన ముస్లిం సమూహాలకు నాలుగు శాతం అన్నది. సయ్యద్‌లను, మొగల్‌లను, పఠాన్‌లను, ఇరానీలను, అరబ్బులను బయట పెట్టింది. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దాన్నీ కొట్టేసింది. అదే ఏడు మార్చి 25న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది ఊపిరి నిలుపుకుంది. మా పిల్లల చదువు, కొలువు అంతా ఆ మధ్యంతర ఉత్తర్వు మీద ఆనుకుని నడిచింది. చీల మీద నిలబెట్టిన బండ లాగ. దెబ్బ ఎప్పుడు పడుతుందో తెలియదు.

మత రిజర్వేషన్లు చెల్లవంటారు. మేం కూడా అంటాం. మతానికి ఇవ్వొద్దు, పనికి ఇవ్వండి. ఆ పద్నాలుగో వరుసలో ఖురాన్ ఎక్కడుంది? అందులో ఉన్నది రోలు, తిరుగలి, రాయి. రోలుకు ఏ మతం కింద రిజర్వేషన్ ఇచ్చారో చెప్పండి. రాయి కొట్టే హిందువు వెనుకబడినోడు, రాయి కొట్టే ముస్లిం మాత్రం బుజ్జగింపు పొందినోడా? పని ఒకటి, ధూళి ఒకటి, కూలి ఒకటి. పేరు మారేసరికి న్యాయం ఎందుకు మారుతుంది? మతం చూసి ఇస్తున్నారని గోల చేసేవాళ్లే మతం చూసి తీసెయ్యమంటున్నారు. మత రిజర్వేషన్ అంటే మాకు ఇవ్వడం కాదు. పని ఒకటే అయినా మతం చూసి మాకు మాత్రం ఇవ్వకపోవడమే మత రిజర్వేషన్.

తెలంగాణలో 2024 నవంబరులో ఇంటింటి కుల సర్వే మొదలైంది. 2025 ఫిబ్రవరిలో లెక్కలు బయటపెట్టారు. రాష్ట్రంలో ముస్లింలు 12.56 శాతం. అందులో బీసీ ముస్లింలు 10.08 శాతం, ఓసీ ముస్లింలు 2.48 శాతం. ఈ రెండు అంకెలను గోడల మీద రాయాలి. ప్రతి ఐదుగురు ముస్లింలలో నలుగురు బీసీలు. సాహిత్యంలో, సినిమాల్లో మీరు చూస్తున్న నవాబు ఆ ఐదో మనిషిలో ఒక చిన్న పాయ. మిగతా నలుగురం మేం. ఈ అంకె రాగానే, ముస్లింలను బీసీల్లో ఎట్ల కలుపుతారని గొంతులు లేచాయి. మమ్మల్ని ఎవరూ కలపలేదు. సమ్మెట ఎత్తిన రోజునుంచే మేం అక్కడున్నాం.

ఇంకో ముప్పు లోపలినుంచి ఉంది. సర్టిఫికెట్ రాసే దగ్గర మా పేరు మాయమవుతుంది. పేరు ముందు షేక్ అని ఉంటే చాలు, షేక్ అని రాసి పంపుతారు. షేక్ కూడా అదే జాబితాలో ఉంది కాబట్టి ఏ నష్టమూ లేనట్టే కనబడుతుంది. కానీ రేపు ఎవరైనా 'తురక కాశ ఎంతమంది, పత్తర్ ఫోడులు ఎంతమంది, వాళ్లలో పదో తరగతి దాటినోళ్లు ఎంతమంది' అని అడిగితే జవాబేది? జాబితాలో పేరుండి లెక్కలో మనిషి లేకపోతే, ఆ పేరు గోరీ మీది రాయితో సమానం.

*

రజాకారు మాట ఎత్తకుండా తెలంగాణ ముస్లిం గురించి మాట్లాడరు కదా, అదీ మాట్లాడదాం. 1948 సెప్టెంబరు 13 నుంచి 17 దాకా పోలీసు చర్య. ఆ తర్వాత ఏం జరిగిందో చూడమని కేంద్రం పంపిన సుందర్‌లాల్ బృందం నివేదిక దశాబ్దాలు తాళం వెనక ఉండి 2013లో జనం కంట పడింది. సంస్థానమంతటా 27 వేల నుంచి 40 వేల మంది ప్రాణాలు కోల్పోయారని వాళ్ల అంచనా. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ ఎక్కువ దెబ్బతిన్న జిల్లాలన్నారు. ఆ తర్వాతి నాలుగు జిల్లాల్లో నల్లగొండ ఉంది, మా మెదక్ ఉంది. చచ్చినోళ్లందరూ రజాకార్లేనా? ఖాసిం రజ్వీ జైలు నుంచి బయటికొచ్చి పాకిస్తాన్ పోయాడు. నిజాం రాజప్రముఖ్ అయ్యాడు. పెద్ద జాగీర్దార్లకు పరిహారాలు ముట్టాయి. పారిపోవడానికి బండి కూడా లేని ఊరి ముస్లిం లెక్క తీర్చాడు. గడీకి బండ కొట్టినోడిని గడీ యజమానిగా లెక్కేసి చంపారు. తెలంగాణ సాయుధ పోరాటాన్ని మేం గౌరవిస్తాం. షోయబుల్లా ఖాన్ మా వాడు, మఖ్దూం మా వాడు, బందగీ మా వాడు. అందుకే ఆ పోరాటం గురించి పుస్తకాలు రాసిన కామ్రేడ్లను అడుగుతున్నాం. నవాబు మీద కోపాన్ని పత్తర్ ఫోడే మీద తీర్చుకున్న రోజుల గురించి ఎన్ని పేజీలు రాశారు?

గుట్టల గురించి ఇవాళ పట్నంలో కూడా మాట్లాడుతున్నారు. 1996లో రాళ్లను కాపాడే సంఘం ఒకటి హైదరాబాద్‌లో పుట్టింది. మంచిదే. గుట్ట పోతే మాకంటే ఎక్కువ ఏడ్చేదెవరు? కానీ రాయి అందం చూడ్డానికి ఆదివారం పొద్దున గుట్ట ఎక్కేవాళ్లకు ఒక మాట. గుట్టను తిన్నది సమ్మెట కాదు, క్రషర్. వందల ఏళ్లు మేం రాయి కొట్టాం, గుట్టలు గుట్టల్లాగే ఉన్నయి. గుట్టతో పాటు గుట్ట మనిషిని కూడా కాపాడే ఉద్యమం అయితే మేం ముందు వరసలో ఉంటాం.

గుట్ట మీద మాకు ఇంకో బంధం ఉంది. ఎన్ని గుట్టల మీద చిల్లాలు, దర్గాలు లేవు? ముస్లింలే కాదు, అన్ని కులాలవాళ్లూ కందూరు చేసే చోట్లవి. వాటికి పట్టాలుండవు. తరతరాలుగా ఎక్కి దిగిన అడుగులే వాటి పట్టా. 2025లో వచ్చిన వక్ఫ్ సవరణ చట్టం ఇకమీదట వాడుకను బట్టి వక్ఫ్ అనే మాటనే తీసేసింది. అంతకుముందు రిజిస్టరైనవాటికి కూడా, అది ప్రభుత్వ భూమి అనో వివాదం ఉందనో అంటే రక్షణ లేదు. అడుగులకు విలువ పోయింది. పక్కనే ఉన్న క్వారీ లీజుకు మాత్రం స్టాంపు ఉంది. గుట్ట మీద పీరు ఉన్నాడని చెప్పడానికి కాగితం లేదు, గుట్టను పేల్చడానికి కాగితం ఉంది.

*

1989లో ఊరూరా ఇటుకలకు పూజలు చేసి అయోధ్యకు పంపారు. 1992 డిసెంబరు 6న ఒక మస్జిద్‌ను కూల్చారు. ఆ తర్వాత మాకు అర్థమైన సంగతి ఒకటుంది. ఈ దేశంలో రాయికి పూజ దొరుకుతుంది, రాయి కొట్టినోడికి దొరకదు. రాయి కోసం మనుషుల్ని చంపుతారు. మనిషి కోసం ఒక్క రాయి కదలదు. మేం ఎవరి గుడికీ వ్యతిరేకం కాదు. ఊళ్లో గుడి మెట్టుకు, మస్జిద్ మెట్టుకు ఒకే గుట్ట నుంచి రాయి తీసినోళ్లం. కట్టడం మా పని. కూల్చడం గురించి మాకు పాఠాలు చెప్పకండి.

మేం దయ అడగడం లేదు. గతవైభవం అసలే అడగడం లేదు, అది మాది కాదు. మేం అడుగుతున్నవి ఇవి.

క్వారీ లీజుల్లో రాయి కొట్టే కులాల సొసైటీలకు మొదటి హక్కు ఉండాలి. వడ్డెరలకు ప్రాధాన్యం అనే మాట అక్కడక్కడ ప్రభుత్వ నోట వినబడుతుంది. అది నిజంగా అమలు కావాలి, అందులో ముస్లిం రాతి పనివాళ్లకూ చోటుండాలి. వడ్డెరకూ మాకూ పోటీ పెట్టి లీజుదారు నవ్వుతానంటే మేం ఒప్పుకోం. ఇద్దరం కలిసే అడుగుతాం.

ప్రతి క్వారీలో, ప్రతి క్రషర్‌లో మస్టర్ ఉండాలి. ఆరు మీటర్లు, యాభై మంది అనే సందు మూయాలి. రాతిధూళి జబ్బును జబ్బుగా గుర్తించి, ఎక్స్‌రే తీసి, సర్టిఫికెట్ ఇచ్చి, పరిహారం ఇవ్వాలి. 2015లో గనుల చట్టం సవరించి పెట్టిన జిల్లా ఖనిజ నిధి గనుల వల్ల నష్టపోయిన జనం కోసమే. ఆ డబ్బు మొదట మా ఊపిరితిత్తుల మీద ఖర్చు పెట్టాలి, రోడ్ల మీద తర్వాత. పని అయిపోయిన గుంతకు కంచె వెయ్యాలి.

పద్నాలుగో వరుసలోని ప్రతి పేరునూ విడివిడిగా లెక్కించాలి. ఆ లెక్కను బయటపెట్టాలి. చరిత్ర పాఠంలో చార్మినార్ పక్కన ఒక పేరా మాకు ఇవ్వాలి. కక్కు అనే మాట నిఘంటువులో మిగిలి మనుషులు పోకూడదు.

ఇంక తెలుగు రచయితలకు, లౌకికవాదులకు ఒక మాట. మా మీద సానుభూతి రాసేటప్పుడు దర్గా, ఊదు పొగ, పావురాలు దగ్గర ఆగిపోకండి. దర్గా గుమ్మం దాటి గుట్ట దాకా నడవండి. అక్కడ నెత్తి మీద తువ్వాల చుట్టుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని, ధూళిలో తెల్లబడి నిలబడ్డ మనిషి మతమేమిటో దూరం నుంచి చెప్పలేరు. దగ్గరికొచ్చి పేరడిగితే చెప్తాడు. ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు కాబట్టి ఇప్పుడు మేమే చెప్తున్నాం. తురక కాశ. పత్తర్ ఫోడే. రోళ్లకు కక్కు కొట్టినోళ్లం. మీ మెతుకులో మా దెబ్బ ఉంది.